మంచు బూట్ల ముడి

"నొప్పెడతాంది సిద్ధమ్మా! వదులు చెయ్యి!" అంది లుల్వా.

తొమ్మిదేళ్ల పిల్ల. కువైటీ ఇంటి బిడ్డ. రెండో ఏటి నుంచీ పనిమనిషి సిద్ధమ్మ చంకలోనే పెరిగింది కాబట్టి రాయచోటి తెలుగు బాగా అబ్బింది.

సిద్ధమ్మ మంచు బూట్ల తాళ్లు కాస్త వదులు చేసింది. జడకు రిబ్బను కట్టినట్టు రెండు ముళ్లు వేసి, కొసలు లోపలికి దోపింది.

"కోచ్ చూస్తే అరుస్తాడు."

"అరవనీలే. పండ్లు లేని నోటికి అరుపులొకటి!"

కోచ్ పేరు ఎస్కో. ఫిన్లాండ్ మనిషి. ఐస్ హాకీ ఆడీ ఆడీ ముందు పండ్లు నాలుగూ పోయాయి, ముక్కు పక్కకు తిరిగింది. పిల్లలు 'అబ్బా' అనేదాకా తాళ్లు బిగించాలంటాడు. అందుకే ఆయనంటే సిద్ధమ్మకు గిట్టదు.

ఆ రోజు మిష్రిఫ్‌లోని ఇంటి నుంచి ఈ ఐస్ హాకీ మైదానానికి రావడం ఆలస్యమైంది. ఎస్కో దూరం నుంచే బూట్లవైపు వేలు చూపించి, పిడికిలి బిగించి అడిగాడు.

బిగించానని సిద్ధమ్మ తలూపింది.

"ఆ అద్దాల గది చూడు సిద్ధమ్మా. ఆటలో తప్పు చేసినోళ్లను ఆడ కూచోబెడతారు."

"నిన్ను గూడానా?"

"నేను గోల్‌కీపర్ కదా! నేను తప్పు చేస్తే నా బదులు ఇంకొకరు పోయి కూచుంటారు."

"ఇదేం న్యాయమే తల్లీ! ఒకరు చేసేది, ఇంకొకరు పడేదీనా?"

లుల్వా నవ్వుతూ మంచు మీదికి జారిపోయింది.

పది నిమిషాలు కాలేదు, కేక వినపడింది.

పిల్ల పడిపోయి ఉంది. వదులు బూటులో చీలమండ మెలి తిరిగింది.

ఎస్కో వచ్చి మోకాళ్ల మీద కూలబడ్డాడు. తాళ్ల వైపు ఒక చూపు, సిద్ధమ్మ వైపు ఒక చూపు చూశాడు. జేబులోంచి కత్తెర తీసి ముడి కత్తిరించేసి, బూటు లాగి, పిల్లను ఎత్తుకున్నాడు.

సిద్ధమ్మకు సుధారాణి గుర్తొచ్చింది.

సుధారాణి ఆ ఇంట్లో తనకంటే ముందు పనిచేసిన మనిషి. పిల్ల చెయ్యి కాలిన రోజే ఆమెను విమానం ఎక్కించారు. 'పోయొస్తా పాపా' అని చెప్పనివ్వలేదు. తర్వాత నెలరోజులు వాకిలి వైపు చూసి ఏడ్చిన పిల్లను ఊరుకోబెట్టింది సిద్ధమ్మే.

ఇప్పుడు ఆ వాకిలి తనకోసం తెరుచుకుంటోంది.

ఇంటావిడ ఆస్పత్రికి వచ్చింది. పనివాళ్లంతా ఆవిడను 'మామా' అనే పిలుస్తారు. "మామా..." అంటూ సిద్ధమ్మ లేచింది.

అంతలో ఎస్కో మామాను వరండాలోకి తీసుకుపోయాడు. అద్దాల తలుపు అవతల ఆయన ఏదో చెబుతున్నాడు. ఆవిడ చెయ్యి ఊపుతూ కేకలేస్తోంది.

'అయిపాయె. చెప్పేసినాడు' అనుకుంది సిద్ధమ్మ.

ఎముక విరగలేదని డాక్టరు చెప్పాడు. ఆ మాటకు ఒక బరువు దిగింది. రెండోది దిగలేదు.

ఇంటికి రాగానే బట్టలు సంచిలో సర్దుకుంది. లుల్వా పాత రిబ్బను ఒకటి అడుగున పెట్టుకుంది.

"సిద్ధమ్మా!" కింద నుంచి మామా పిలుపు.

సంచి పట్టుకునే దిగింది.

"ఆ సంచేమిటి?"

"మా... మాసిన బట్టలు మామా."

"తర్వాత ఉతుక్కో. ముందు లుల్వాకు సూప్ చెయ్యి. నువ్వు తినిపిస్తేనే తింటుందట."

"మామా, నేను..."

"నువ్వేం చేశావు? ఆ కోచ్ ఖలాస్. తీసేయమని చెప్పాను."

సిద్ధమ్మ వంటింట్లోకి పోయి ఉల్లిపాయ తరిగింది. కళ్లనిండా నీళ్లు. ఇంత హాయిగా ఎన్నడూ ఏడవలేదు. 'పిల్లల్ని ఏడిపిచ్చినోన్ని దేవుడే పంపిచ్చె' అనుకుంది. తన ముడి సంగతి గొంతులోనే ఉండిపోయింది.

మూడు వారాలకు లుల్వా మళ్లీ మంచు మీదికి వచ్చింది.

ఈసారి సిద్ధమ్మ 'అబ్బా' అనేదాకా తాళ్లు బిగించింది.

బూట్ల కింది బ్లేళ్లు పదును పెట్టే లాల్ బాషా చూసి నవ్వాడు. ఆయనదీ రాయచోటే.

"ఇప్పుడు నేర్చుకుంటివా అక్కా? పాపం, ఆయప్ప పోయినాక."

"పిల్లను సరిగ్గా చూసుకోకుంటే పంపిచ్చెయ్యరా మరి?"

"చూసుకోక కాదక్కా. ఆ పొద్దు తాళ్లు తానే కట్టినానని మామాకు చెప్పినాడు."

సిద్ధమ్మ చేతిలో తాడు ఆగిపోయింది.

"నేను గదా కట్టింది!"

"నీ జడముడి ఈడ ఎవురికి తెల్దు? మామా కంట పడకూడదనే కత్తిరిచ్చినాడు."

"నన్నెందుకు కాపాడల్ల? నేనా మనిషిని ఎన్ని మాటలంటి!"

"నేనూ అదే అడిగితి. 'ఆమెను పంపిస్తే పిల్ల గోల్‌లో నిలబడదు' అనె."

"ఇప్పుడు యాడున్నాడు?"

"నిన్న పొద్దున ఫ్లైట్ ఎక్కె. బాధేం పడలేదులే అక్కా. కూతురికి కాన్పు దగ్గర పడిందంట, మంచిదే అయిందని నవ్వినాడు."

ఒక్క రోజు. ఒక్క రోజు ముందు తెలిసుంటే బాగుండేది. అయినా, నవ్వుతూ పోయాడన్న మాట సిద్ధమ్మకు కొంత ఊపిరినిచ్చింది.

లాల్ బాషా గోడకున్న పాత ఫొటో చూపించాడు. అందులో పండ్లన్నీ ఉన్న కుర్రవాడొకడు అద్దాల గదిలో కూర్చుని నవ్వుతున్నాడు.

"ఈయనేనా? ఎన్ని గోల్స్ కొట్టినాడో!"

"పద్దెనిమిదేండ్ల ఆటలో గోల్స్ తక్కువేనక్కా. గోల్‌కీపర్ తప్పు చేసినప్పుడల్లా ఎవురూ చెప్పకుండానే లేచి, ఆ గదిలో పోయి కూచున్నది మాత్రం ఈయనేనంట."