తోక ఊడనివాళ్ళ మాట

కుంటలో కప్పల సభ ఎప్పుడూ రాతిబండ మీదే జరిగేది. తోక ఊడినవాళ్ళకే అక్కడ చోటు, మాట్లాడే హక్కూ వాళ్ళకే. ఆ రోజు చర్చ కుంటలో నీళ్ళెందుకు తగ్గుతున్నాయని. ఎండ వల్లేనని ఒకరు, కొంగ తాగేస్తోందని ఇంకొకరు గొంతు చించుకుంటున్నారు.

బండ పక్క నీళ్ళలోంచి చిట్టి అనే తోకకప్ప తల పైకెత్తింది.

"తాతా, అడుగున గట్టుకి..."

"ముందు తోక ఊడనీ, తర్వాత మాట్లాడుదువుగాని!" అన్నాడు పెద్దకప్ప గట్టయ్య. బండంతా బెకబెకమని నవ్వింది.

"తోక ఊడేదాకా నీళ్ళుండాలిగా తాతా! గట్టుకి పీత బొరియ పెట్టింది. నీళ్ళన్నీ అటే పోతున్నాయి. కుంట ఎండితే మీరు గెంతుకుంటూ పక్క కుంటకి పోతారు. మాకు కాళ్ళే లేవు. మరి ఈ కుంట ఎవరిది?"

గట్టయ్య గొంతు సవరించుకుని బుడుంగున నీళ్ళలోకి దూకాడు. అతని వెనకే అందరూ దూకారు. సాయంత్రానికల్లా బొరియని బురదతో పూడ్చేశారు.

మర్నాడు సభ నీళ్ళలోనే పెట్టారు. గట్టయ్య అలవాటుగా అందరికంటే ముందు నోరు తెరిచాడు.

"తాతా, వరసలో రా," అంది చిట్టి. "నీ ముందు పన్నెండు తోకలున్నాయి."