ఇంటికి కిలో

"ఇంటికి కిలోనే! ఒకే ఇంటివాళ్ళు ఇద్దరు నిలబడినట్టు తెలిస్తే ఇద్దర్నీ ఉత్త సంచులతో పంపిస్తాను. తర్వాత నన్నని లాభం లేదు!"

రైతుబజారులో సబ్సిడీ టమాటాల బల్ల వెనక నిలబడి అంకమ్మరావు అరిచాడు. టమాటా బయట కిలో నూట అరవై, ఇక్కడ యాభై. తెల్లవారేసరికే క్యూ గేటు దాటి రోడ్డెక్కింది.

అన్నట్టే చేశాడు కూడా. మధ్యలో నలుగుర్ని వదిలి నిలబడిన ఒక తల్లీకూతుళ్ళు ముందు దొరికిపోయారు. తల్లి చెయ్యి నొప్పెడుతోందేమోనని కూతురు వచ్చి సంచి అందుకుంది. ఆ తర్వాత ఒక జంట. ఆయనకు చెమట పడుతుంటే ఆవిడ కొంగుతో విసిరింది.

"ఒకే ఇంటివాళ్ళని పట్టుకోవడం ఎంతసేపండీ," అన్నాడు అంకమ్మరావు నవ్వుతూ. "ప్రేమ దాచుకోలేరు పాపం."

క్యూ మధ్యలో ఉన్న హనుమాయమ్మ తన ముందున్న అమలమ్మతో కష్టం చెప్పుకుంటోంది.

"మధ్యాహ్నం మా అల్లుడొస్తున్నాడండీ, గన్నవరం నుంచి. ఇంటిల్లిపాదీ దిగుతున్నారు. ఆయనకి టమాటా పప్పు లేనిదే భోజనం చేసినట్టుండదు. పోయినసారి దోసకాయ పప్పు పెడితే రెండు ముద్దలు తిని లేచిపోయాడు. మా అమ్మాయి మొహం ఇంతయింది. అంతమందికి కిలో ఏ మూలకండీ? ఆ కిలో అయినా దొరుకుతుందో లేదో!"

"దొరుకుతుందిలెండి," అంది అమలమ్మ.

అంతలో ముందు నుంచి ఎవరో కేక వేశారు. "ఇంకో ఇరవై మందికి వస్తే గొప్పంట!"

క్యూ ఒక్కసారిగా ముందుకు తోసుకుంది. ఆ తోపులాటలో చుడీదార్ వేసుకున్న ఒక అమ్మాయి పక్కనుంచి వచ్చి అమలమ్మకూ హనుమాయమ్మకూ మధ్య నిలబడింది. పేరు ప్రత్యూష.

"ఏమ్మాయ్, ఇంతమందిమి నీ కంటికి ఆనలేదా?" అంది హనుమాయమ్మ.

"నేను ఇందాకట్నుంచీ ఇక్కడే ఉన్నాను మామ్మగారూ. మంచినీళ్ళు తాగి వచ్చానంతే."

"మామ్మా? ఎవరే మామ్మ? నా జుట్టు చూసి మాట్లాడు!"

"చూశాను. వెనకవైపు రంగు అంటనే లేదు."

"వేసినవాళ్ళకి చేతకాలేదు. నేనేం చెయ్యను?"

"వేయించుకునేవాళ్ళు తల కుదురుగా పెడితే ఎందుకంటదు?"

క్యూలో ఎవరో కిసుక్కుమన్నారు. హనుమాయమ్మ చీర చెంగు బొడ్లో దోపింది.

"నీ వాలకం చూస్తేనే తెలుస్తోంది. పాలు పొయ్యి మీద పెట్టి ఫోన్ పట్టుకు కూర్చునే రకం. ఇల్లంతా మాడు వాసన. మీ అత్త ఎలా వేగుతోందో!"

ప్రత్యూష మొహం ఎర్రబడింది. "మా అత్తగారి సంగతి మీకెందుకండీ? ఉప్పు తక్కువ, కారం ఎక్కువ అని కూర్చున్నచోటునుంచే పేర్లు పెడుతుంది. అయినా మీకంటే ఆవిడే నయం!"

ఈసారి మొహం మారడం హనుమాయమ్మ వంతయింది. "ఏమన్నావ్? మళ్ళీ అను!"

"అంటాను. ఉప్పు తక్కువైతే వేసుకోవచ్చుగా? వీధంతా చెప్పాలా?"

"పిలువు మీ అత్తని! ఇలాంటి ఆణిముత్యాన్ని ఎక్కడ ఏరి తెచ్చుకుందో అడుగుతాను."

"ఆవిడే మా ఇంటి చుట్టూ తిరిగి మరీ చేసుకుంది. ఇప్పుడు అనుకుంటే ఏం లాభం!"

"ఊరుకోండమ్మా, టమాటాల కోసం ఇంత గొడవా?" అని అమలమ్మ మధ్యలోకి వచ్చింది. హనుమాయమ్మ విసిరిన చేతిసంచి ఆవిడ కళ్ళజోడును తాకి వెళ్ళింది. అమలమ్మ చటుక్కున వెనక్కి తగ్గింది.

క్యూ చెదిరిపోయింది. వెనకున్నవాళ్ళు ముందుకొచ్చి చుట్టూ మూగారు. పోట్లాట చూసేవాళ్ళే తప్ప టమాటాలు కొనేవాళ్ళు లేరు.

"బాబూ, ముందు ఆ ఇద్దరికీ ఇచ్చి పంపించెయ్యండి. మా చెవులు చిల్లులు పడుతున్నాయి!" అని ఒక పెద్దాయన మొరపెట్టుకున్నాడు. మిగతావాళ్ళూ వంత పాడారు.

అంకమ్మరావు ఇద్దర్నీ ముందుకు రమ్మన్నాడు. హనుమాయమ్మకు కిలో తూచి, "శాంతించండి పెద్దమ్మగారూ," అంటూ పైన ఇంకో టమాటా వేశాడు.

"ఆవిడకి ఒకటి ఎక్కువేశారేం? అరిచినవాళ్ళకేనా?" అంది ప్రత్యూష.

"నువ్వేమన్నా తక్కువ అరిచావా తల్లీ!" అని ఆమెకూ కిలో తూచి, ఆ సంచిలోనూ ఒకటి ఎక్కువ వేశాడు. "పెద్దావిడ గేటు దాటేదాకా నువ్వు ఇక్కడే ఉండు. మీరిద్దరూ ఒకే దారిన పోతే ఎవరో ఒకరు ఆస్పత్రిలో తేలతారు."

హనుమాయమ్మ వెనక్కి తిరిగి ఒక చూపు చూసి వెళ్ళిపోయింది. కాసేపాగి ప్రత్యూష కదిలింది.

సందు మలుపులో బెంజ్ సర్కిల్ వైపు వెళ్ళే షేర్ ఆటో ఆగి ఉంది. వెనక సీట్లో హనుమాయమ్మ అప్పటికే కూర్చుని ఉంది. ఖాళీ ఉన్నది ఆవిడ పక్కనే. ప్రత్యూష ఎక్కింది. ఇద్దరూ చెరో వైపుకు మొహం తిప్పుకున్నారు.

ఆటో కదిలి, రైతుబజారు పూర్తిగా కనుమరుగయ్యాక, ప్రత్యూష తన సంచిలోని టమాటాలన్నీ హనుమాయమ్మ సంచిలోకి ఒంపేసి, "రేపు ఉల్లిపాయల క్యూలో తిట్లు మొదలుపెట్టేది నేను, అత్తయ్యా," అంది.