తిరగని మర

గ్రీజు తుడవగానే పెంటయ్యకు అసలు సంగతి కనబడింది: తన మినీ ట్రాక్టరులో బ్లేడు వాలు మార్చే టాప్ లింకు మరను పట్టేసింది తుప్పు కాదు, ఎవడో పెట్టిన వెల్డింగ్.

పొద్దున్నుంచీ డీజిల్ పోసి, తండ్రీకొడుకులు సుత్తితో ఎంత కొట్టినా అందుకే తిరగలేదు. అది తిరిగితే తప్ప వెనకున్న బ్లేడు మట్టిలోకి దిగదు.

"ఎవడ్రా గీ పని జేసింది? మనం అమ్మిన ఉప్పల్ చేను రేపు చదును జేసిస్తనని ప్లాట్లు జేసెటోళ్లకు మాటిచ్చిన. లేకుంటే ఇంకోన్ని పిలుస్తరు."

నాచారంలో వెల్డరుగా చేసే కొడుకు రంజిత్ సుత్తి కింద పెట్టాడు.

"పిలవనియ్యి నాయినా."

"ఏందిరా? నా నోటికాడి బువ్వ గుంజినోడెవడో తెల్వాలె!"

"నేనే. చేను అమ్మిన్నాడు అండ్ల ఉన్న అమ్మ సమాధిని ముట్టనియ్యనంటివి, ఇప్పుడు దాన్ని గూడ చదును జేస్తనంటున్నవ్. వేరేటోడొస్తే బండికి అడ్డం పండుకుంట. నువ్వే నడిపిస్తే నేనెట్ల ఆపాలె, నాయినా?"