ముడిపడని బొమలు

“ఏం సూది వేశావు డాక్టరమ్మా! కోపం వస్తోంది కానీ మొహం మీదికి రావడం లేదు,” అంటూ వచ్చింది లెక్కల టీచరు.

కనుబొమల మధ్య ముడతలకని పదిహేను రోజుల కిందట బొటాక్స్ ఇచ్చిన డాక్టరు, అద్దం అందించింది. నుదురు పలకలా నున్నగా ఉంది.

“ముప్పై ఏళ్లు కంటిచూపుతోనే క్లాసుని గడగడలాడించాను. ఇప్పుడెంత ఉరిమి చూసినా ఒక్కరూ బెదరడం లేదు!”

డాక్టరు గబగబా సర్దిచెప్పింది. “కంగారు పడకండి. మందు పనిచేసేది మూడు నాలుగు నెలలే. ఆ తర్వాత మీ ముడతలు మీకొచ్చేస్తాయి.”

“అమ్మో! అయితే అవి రాకముందే ఇంకో సూదికి నా పేరు రాసుకో.”

“అదేంటండీ?”

“నిన్న చివరి బెంచీ పిల్ల లేచి, ‘అర్థం కాలేదు టీచర్, మళ్లీ చెప్పండి’ అంది. ఇన్నేళ్లూ అందరికీ అర్థమవుతోందనే అనుకున్నానమ్మా.”