పసుపుకొమ్ము వాత

"రంగు సంగతి తర్వాత చూద్దాం మేడం. ముందు ఇది చేతికి తగలకుండా చెయ్యండి."

డాక్టర్ ఎలిశబెతు కళ్లజోడు సవరించుకుంది. నెల్లూరులో ఆమె దగ్గరికి మచ్చలతో వచ్చేవాళ్లంతా అద్దంలో కనబడకూడదనే అడుగుతారు. చేతికి తగలకూడదని అడిగినవాడు ఈ మైపాడు మధుబాబు ఒక్కడే. అతని ఎడమ కణత మీద చింతగింజంత మచ్చ గట్టిగా, ఉబ్బెత్తుగా ఉంది.

"కాలిన మచ్చ కదూ?"

"వాత మేడం. పసిపిల్లోడిగా ఉన్నప్పుడు నాకు ఫిట్స్ వచ్చినాయంట. మా అమ్మే పసుపుకొమ్ము కాల్చి పెట్టింది."

"కోసి తీసెయ్యొచ్చు కానీ, ఇలాంటివి ఒక్కోసారి ఇంకా పెద్దగా లేస్తాయి. మచ్చలోకే ఇంజెక్షన్ చేస్తే మెత్తబడి అణుగుతుంది. నెలనెలా రావాలి. ఇంటి దగ్గర సిలికాన్ పట్టీ వేసుకోవాలి. అణిగాక రంగుకి లేజర్ ఆలోచిద్దాం. ఆనవాలే లేకుండా పోతుందని మాత్రం మాటివ్వను."

"తడిమితే తెలీకపోతే చాలు."

"ఎవరు తడుముతారయ్యా?"

మధుబాబు తల దించుకున్నాడు. "మా అమ్మ. చూపు ఆనదు, మతిమరుపు గూడా. పడవ పోయినప్పటి నించి, పొద్దుగూకితే నా మొహం తడువుతాది. ఈ మచ్చ తగిలేసరికి చెయ్యి తీసేసుకుంటాది. ఆ పైన ముద్ద ముట్టదు. ఇట్టే ఉంటే మాకు దక్కదు మేడం."

ఎలిశబెతు గొంతు మెత్తబడింది. "తన చేత్తో పెట్టిన వాత కదా. తగిలినప్పుడల్లా ప్రాణం కలుక్కుమంటుందేమో."

మధుబాబు కళ్లు మూసుకుని కణత అప్పగించాడు. సూది దిగుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

మచ్చకి ఎండ తగలనివ్వొద్దని చెప్పి పంపిందావిడ. సముద్రం మీద బతికేవాడికి ఎండ తప్పేదెట్లా? తలకి తువ్వాలు బిగించి, మొహానికి తెల్లటి క్రీము పులుముకుని వలకి వెళ్లేవాడు. రేవంతా ఒకటే నవ్వులు.

"ఏందిరా అబ్బయ్యా, చేపల్ని మురిపిద్దామనా?" అన్నాడు పడవ యజమాని చెంచయ్య. తర్వాత నవ్వు ఆపి, పక్కకి పిలిచాడు. "పిల్లను చూసుకున్నావంట గదా. ఇంట్లో మనిషి పోయి ఏడాది తిరగలేదు, అప్పుడే ఈ సోకులేందిరా? నలుగురూ ఏమనుకుంటారు?"

"అనుకోనీ మామా" అని వల భుజాన వేసుకున్నాడు మధుబాబు. ఆ మాట గుచ్చుకున్న సంగతి బయటపడనివ్వలేదు.

ఇంటికెళితే పేరమ్మ గుమ్మంలో చాప మీద కూర్చుని ఉండేది.

"కంచాలు మూడూ పెట్టినావా?"

"పెట్టినానమ్మా."

నుదుటి నుంచి మొదలుపెట్టి అతని మొహమంతా తడిమేది. బొటనవేలు కణత దగ్గర ఆగేది. "నువ్వా చిన్నోడా" అంటూ చెయ్యి వెనక్కి తీసుకుని, వాకిలి వైపు తిరిగేది. "పడవ ఇంకా రాలేదా?"

మొదట్లో నిజం చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ అప్పుడే కొత్తగా విన్నట్టు గుండెలు బాదుకునేది. తెల్లవారేసరికి మరచిపోయి మళ్లీ అదే అడిగేది. చెప్పి చెప్పి చంపలేక, ఇప్పుడు పడవ ఆలస్యాన్ని ఎదురుగాలి మీద నెట్టేస్తున్నాడు. ఆమె మాత్రం రోజురోజుకీ చిక్కి సగమైపోయింది.

నెలలు గడిచాయి. మచ్చ అణిగింది. లేజర్ కూడా అయ్యాక ఎలిశబెతు అద్దం చేతికిచ్చింది. అతను ముందు అద్దం చూడలేదు. కళ్లు మూసుకుని బొటనవేలితో కణత నిమురుకున్నాడు. ఏమీ తగల్లేదు. అప్పుడు కళ్లు తెరిచి, అద్దంలోని మనిషిని చూసి బావురుమన్నాడు.

"ఇక మీ అమ్మగారు అన్నం తింటారులే" అంటూ భుజం తట్టిందావిడ.

ఆ సాయంత్రం మధుబాబు ట్రంకుపెట్టెలోంచి గళ్లచొక్కా తీసి తొడుక్కున్నాడు. చాప మీద రెండు కంచాలే పెట్టాడు. చేపల పులుసు కలిపి, తల్లి ముందు కూర్చున్నాడు.

పేరమ్మ వేళ్లు నుదుటి మీదుగా కణతకి వచ్చాయి. వెతికాయి. మళ్లీ వెతికాయి. ముడుచుకుపోయిన ఆ మొహం విచ్చుకుంది.

"పెద్దోడా! వచ్చినావా నాయనా!"

పెంచలకృష్ణ, మధుబాబు కవలపిల్లలు. ఒకే పోలిక, ఒకే గొంతు. పాలు తాగిన నాటి నుంచీ తల్లికి వాళ్లని విడదీసి చూపింది ఆ వాత ఒక్కటే. పడవతో పాటు పోయినవాడు పెంచలకృష్ణ. ఆ గళ్లచొక్కా అతనిదే.

"వచ్చినానమ్మా" అన్నాడు మధుబాబు.

ఆమె నోరు తెరిచింది. ముద్ద పెట్టాడు. నమిలి మింగి ఇంకో ముద్ద అడిగింది. కంచం ఖాళీ అయ్యేదాకా తింది. అన్న పేరుతోనైనా అమ్మ దక్కిందని, తనని తాను పోగొట్టుకున్నా ఫరవాలేదని అనుకుంటూ చెంపలు తుడుచుకున్నాడు.

పేరమ్మ తృప్తిగా నిట్టూర్చి, ఖాళీగా ఉన్న మూడో కంచం చోటు చేత్తో తడిమింది. తడిమి, వాకిలి వైపు తిరిగింది.

"మరి చిన్నోడు యాడరా?"