పోపుల డబ్బా దరువు

పాతకాలపు సింథసైజర్ల స్వరాలన్నీ ఇప్పుడు మాట వినే భోజనాల బల్లల్లోకి వచ్చేశాయి. తెనాలిలో పెళ్లి బ్యాండు నడిపే సువార్తకు తండ్రి ఇచ్చిన సింథసైజర్ మొన్న మూగబోయింది. ఇవాళ పొద్దున ఆమె ఇడ్లీ పళ్లేలు తీసి, బల్ల తుడిచి, ఆ సింథసైజర్ పేరు బల్లకు చెప్పింది. బల్ల మీద మెట్లు వెలిగాయి. వాయిస్తే అచ్చం అదే స్వరం.

డ్రమ్ముల ముందు కూర్చున్న ఏసోబు మాత్రం కర్రలు ఎత్తలేదు.

"ఏంది మామా? సాయంత్రం ఊరేగింపు పెట్టుకుని!"

"మీ నాయన దాంట్లో ఒక మెట్టు గలగలమనేదమ్మా. ముప్పై ఏళ్లు అది ఇనే దెబ్బేశా. అది లేకపోతే నా చెయ్యి లేవదు."

ఆ గలగల కావాలని సువార్త బల్లను అడిగింది.

"లోపం సరిచేయబడినది," అంది బల్ల.

"లోపమంట! నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అంటూ సువార్త పోపుల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ మెట్టు నొక్కగానే బల్ల అదిరి, డబ్బా మూత గలగలమంది. ఏసోబు దెబ్బ పడింది.

సాయంత్రం బల్లనూ డబ్బానూ కలిపి బండెక్కించారు. ఊరేగింపులో చెమటలు కక్కుతూ ఆడుతున్న పెళ్లికూతురు బండి దగ్గరకొచ్చి అరిచింది. "అక్కా, ఈ సౌండు ఏ సింథసైజర్‌ది?"

సువార్త మూత తీసి చూపించింది. ఏసోబు దరువుకి లోపల ఆవాలు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి.