పక్కవీధికి వెళ్ళిన పగడపు కొమ్మ

నమ్మనివాళ్ళెవరో ముందే చేతులెత్తండి! పట్టుకారులాంటి ఈ కాలితో కొండంత పగడాన్ని విరిచిన పీతని నేను.

ఏం రోజులవి! మా గాజుతొట్టెలో సముద్రమంతా ఉండేది. ఊళ్ళో ఉప్పునీటి తొట్టెల్లో చేపల్ని పెంచేవాళ్ళు ఆదివారాలు కలిసి, నాటితే మళ్ళీ పెరిగే పగడపు కొమ్మలు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు. మా పగడంలో కాపురమున్న చేప చిత్రాంగి మాత్రం, "నా ఇంటి ముక్క పరాయి తొట్టెకా? చస్తే ఇవ్వను తాతా!" అంది.

"పంచితేనే మిగులుతుందే పిచ్చిదానా!" అని ఫెళ్ళున విరిచాను, ఏడు సముద్రాలూ ఉలిక్కిపడ్డాయి. మా యజమాని ఆ కొమ్మని పక్కవీధి తొట్టెకి ఇచ్చాడు. చిత్రాంగి నాతో మాటలు మానేసింది.

ఆ ఎండాకాలం మా వీధిలో కరెంటు పోయి, నీళ్ళు కాగి, మా పగడం సున్నంలా తెల్లబడి చచ్చింది. చిత్రాంగి నిలువనీడ లేక మూలన నక్కింది. అప్పుడు పక్కవీధివాళ్ళు ఆ కొమ్మకి పుట్టిన పిల్లకొమ్మని తెచ్చిచ్చారు. చిత్రాంగి అందులో దూరి, "కాస్త పెరగనీ తాతా, మళ్ళీ విరుద్దువుగాని" అంది.

కోతలంటారా? ఆ పిల్లకొమ్మనంటుకుని వచ్చిన నత్త గవరమ్మని అడగండి!